గుడ్డను ఎండలో నిలబడి ఎంచండి: యూనిఫాంలు కొనే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల, నిజామాబాద్, ఆదిలాబాద్... ఈ జిల్లాల్లో ఎండలో పనిచేసే మనుషులకు బట్టలు కొనే ప్రతి ఆఫీసుకూ ఈ ఉత్తరం రాస్తున్నాను. రోడ్లు ఊడ్చేవాళ్ళు, చౌరస్తాల్లో నిలబడే హోంగార్డులు, డివైడర్ల మీది మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళు, కరెంటు స్తంభాలెక్కేవాళ్ళు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు తమ ఒంటి మీది బట్టను తాము ఎంచుకోరు. వాళ్ళ తరఫున మీరు ఎంచుతారు. నాలుగు నెలల ఎండాకాలం వాళ్ళ ఒంట్లో పానం ఎట్లా ఉంటుందన్నది మీ టేబుల్ మీద జరిగే ఆ ఎంపికలో సగం తేలిపోతుంది.

నేను హనుమకొండలో కుట్టుపని చేసుకుని బతికేదాన్ని. స్కూలు పిల్లల యూనిఫాంలు, నర్సమ్మల కోట్లు, ఎండాకాలం ముందు కార్మికుల జాకెట్లు కుడతాను. ఆర్డరు నాకు నేరుగా రాదు. ఒక కాంట్రాక్టరు గుడ్డ తెచ్చిస్తాడు, కొలతలు చెబుతాడు, నేను కత్తిరించి కుట్టి ఇస్తాను. గుడ్డ ఎట్లాంటిదో అందరికంటే ముందు తెలిసేది కుట్టేవాళ్ళకే. సూది దిగేటప్పుడే తెలిసిపోతుంది.

పోయిన ఎండాకాలానికి ముందు అట్లా వచ్చిన ఒక నారింజ రంగు గుడ్డ గురించి చెప్పాలి. దూరం నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. చేత్తో పట్టుకుంటే గరగరమంటోంది. లోపలి వైపు సన్నగా మెరుస్తోంది, ఏదో పూత పూసినట్టుంది. నోటికి ఆనించి గట్టిగా ఊదితే అవతలి చేతికి గాలి తగల్లేదు. ఒక నీటి చుక్క వేస్తే ఇంకకుండా గుండ్రంగా నిలబడి, వంచగానే జారిపోయింది. వానకోటుకు పనికొచ్చే గుడ్డ అది. దాంతో చేతుల్లేని, కాలర్ లేని కోట్లు కుట్టమన్నారు. వీపు మీద జానెడు వెడల్పున ప్లాస్టిక్ ప్రింటు. చీర మీద, జాకెట్టు మీద మూడో పొరగా ఆ కోటు తొడుక్కుని ఒకావిడ మే నెలలో మా గల్లీ ఊడ్చింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని కోటు విప్పితే వీపంతా చెమట పొక్కులు, చేతులు మాత్రం మోచేతి పైనుంచి కమిలిపోయి ఉన్నాయి. "బిడ్డా, ఇది తొడుక్కుంటే పానం ఉడికిపోతంది, ఇడిస్తే సార్లు ఊకోరు" అంది. ఎండ తగలకూడని చోట తగిలింది, గాలి తగలాల్సిన చోట తగల్లేదు. కొన్నవాళ్ళకు ఆమె మీద పగేమీ లేదు. ఆ గుడ్డ ఏం చేస్తుందో ఎవరూ చూడలేదు, అంతే.

ఎండలో వేసుకునే బట్టకు రెండు పనులుంటాయి. ఒకటి, ఎండను ఒంటికి తగలకుండా ఆపడం. రెండోది, ఒంటి చెమటను ఆరనివ్వడం. మొదటిది మాత్రమే చేసే గుడ్డ రేకు షెడ్డు లాంటిది, లోపలున్నవాడు ఉడికిపోతాడు. రెండోది మాత్రమే చేసే చిల్లుల బనియన్‌లోంచి ఎండ నేరుగా తోలుకు తగులుతుంది. మీ టెండరు కాగితాల్లో రంగు ఉంటుంది, సైజు ఉంటుంది, ప్రింటు అక్షరాల ఎత్తు కూడా ఉంటుంది. ఈ రెండు పనుల మాట ఎక్కడా ఉండదు. నా ఫిర్యాదంతా అదే.

మన ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ రెండు విషయాలు గుర్తు చేస్తాను. వాతావరణ శాఖ 44 డిగ్రీలు అని చెప్పిందంటే అది గాలి తగిలే చెక్కపెట్టెలో, నీడలో కొలిచిన లెక్క. తారు రోడ్డు మీద నిలబడ్డ మనిషికి పైనుంచి ఎండ, కింద నుంచి రోడ్డు సెగ రెండూ అదనం. రెండోది, వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే మే రెండో వారంలో మధ్యాహ్నం పన్నెండు దాటగానే సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ కాళ్ళ కిందకు వచ్చేస్తుంది. ఆ వేళ ఎండ పడేది నెత్తి మీద, భుజాల మీద, మెడ వెనుక, ముక్కు మీద. మరి మనమిచ్చే కోట్లలో గట్టిగా, మందంగా ఉండేదేమో వీపు మధ్య ప్రింటు ఉన్న చోటు. భుజాలు, మెడ ఖాళీ.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఎక్కువ. గాలి వేడి మాత్రం రెండు నుంచి నాలుగు మధ్య ఎక్కువ. కాబట్టి పదకొండింటికి "ఇంకా వడగాలి మొదలవలేదు కదా" అని చేతుల్లేని బట్టతో పంపితే తోలు మాడుతుంది. సన్నటి మబ్బు పట్టినా ఆ కిరణాలు ఆగవు.

ఈ కిరణాలను గుడ్డ ఎంత ఆపుతుందో చెప్పడానికి యూపీఎఫ్ అని ఒక లెక్క ఉంది. దీనికి మొదట ప్రమాణం రాసింది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు, 1996లో. లెక్క సులువే. యూపీఎఫ్ 50 అంటే యాభై వంతుల్లో ఒక వంతు, అంటే రెండు శాతం మాత్రమే లోపలికి వస్తుంది. 15 అంటే పదిహేనులో ఒక వంతు, దాదాపు ఏడు శాతం. మామూలు పల్చటి తెల్ల కాటన్ టీ షర్టుకు ఈ అంకె 5 నుంచి 7 దాకానే ఉంటుంది, చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటే 3కు పడిపోతుంది. జీన్స్ లాంటి దట్టమైన గుడ్డలోంచి దాదాపు ఏమీ దాటదు, కానీ మేలో జీన్స్ కోటు తొడుక్కుని ఎవరు పనిచేయగలరు?

ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య సేల్స్‌వాళ్ళు "యూపీఎఫ్ 50 ప్లస్ సార్" అని శాంపిల్స్ పట్టుకుని ఆఫీసులకు వస్తున్నారు. 30 ఉన్న గుడ్డకూ 50 ఉన్న గుడ్డకూ తేడా శాతంలో చూస్తే ఒకటి, ఒకటిన్నర. 5కూ 20కీ మధ్య తేడా పదిహేను శాతం. కాబట్టి డబ్బు పెట్టాల్సింది పల్చటి గుడ్డను వదిలి ఒత్తుగా నేసిన గుడ్డకు మారడం మీద. యాభైకి మించిన అంకె కోసం ఎక్కువ ధర ఇవ్వక్కర్లేదు. పైగా ఆ అంకె చెమట ఆరే సంగతి చెప్పదు. ఆ ప్రమాణాలు పుట్టింది తెల్లతోలు జనం చర్మ కాన్సర్‌కు భయపడే దేశాల్లో. మన ఒంట్లో ఉన్న మెలనిన్ మనకు కొంత కాపలా. మనకూ మంగు మచ్చలు, ఎండ పొక్కులు, కంట్లో కండ పెరగడం, శుక్లాలు వస్తాయి, వాటిని తేలిగ్గా తీసుకోమనడం లేదు. కానీ ఇక్కడ ఎండాకాలం మనిషి ప్రాణం తీసేది ముందు వడదెబ్బ. 2015 మే, జూన్ నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది బయట పనిచేసుకునేవాళ్ళూ ముసలివాళ్ళూ.

అందుకే చెమట గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. ఎండలో గట్టి పని చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోయవచ్చు. ఆ లీటరు చెమట ఒంటి మీదే ఆరిపోతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. కారి నేల మీద పడితే మాత్రం ఆ మేలు ఏమీ ఉండదు, నీళ్ళు పోయాయి, ఒళ్ళు చల్లబడలేదు. పూత పూసిన కోటు లోపల జరిగేది ఇదే. చెమట పుడుతూనే ఉంటుంది, గాలి ఆడక ఆరదు, కోటు అంచుల నుంచి కారిపోతుంది. మనిషి నీళ్ళూ పోగొట్టుకుంటాడు, వేడీ తగ్గదు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరడానికి అది అనుకూలం. గుడ్డ అడ్డుపడకపోతే చాలు.

"అయితే బట్ట తక్కువ వేసుకుంటే మంచిదా?" అని అడుగుతారు. కాదు. మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 43 ఉన్నప్పుడు ఆ గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది, పైగా ఎండ. అప్పుడు వదులుగా, నిండుగా కప్పిన బట్టే మేలు. గుడ్డకూ ఒంటికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటే నడుస్తున్నప్పుడు ఆ సందులోంచి గాలి ఆడుతుంది.

ఇది మన కూలి జనానికి ఎవరూ నేర్పలేదు, ఎప్పటి నుంచో తెలుసు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మహబూబాబాద్, ములుగు వైపు మిరప తోటల్లోకి వెళ్ళి చూడండి. కాయ ఏరే ఆడవాళ్ళు చీర మీద ఇంట్లో మగవాళ్ళ పాత ఫుల్ చేతుల అంగీ తొడుక్కుంటారు. గుండీలు మెడ దాకా పెట్టుకుంటారు, చేతులు మణికట్టు దాకా దించుకుంటారు, తల మీద నుంచి తువ్వాల చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడేస్తారు. ఆ అంగీ పదిసార్లు ఉతికి మెత్తబడ్డ కాటన్, భర్తది కాబట్టి వదులు. ఎండ ఆగుతుంది, మిరప ఘాటు చేతులకు అంటదు, గాలి ఆడుతుంది. ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ భుజం మీద మడత పెట్టి వేసుకునే తువ్వాల కూడా అంతే, బరువుకు మెత్తగా, భుజానికి నీడగా. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు ఏరడానికి అడవికి వెళ్ళేవాళ్ళు చెట్ల మధ్య కూడా రుమాలు విప్పరు. ఇంత తెలిసిన మనుషులు కార్పొరేషన్లోనో పంచాయతీలోనో పనికి చేరగానే, తమకు తెలిసిన బట్ట తీసేసి మనమిచ్చిన బట్ట వేసుకోవాల్సి వస్తోంది. వాళ్ళ అంగీని చూసి యూనిఫాం చేయండి. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

గుడ్డ విషయానికి వస్తే నా అభిప్రాయం ఇది. ఒత్తుగా నేసిన కాటన్, చదరపు మీటరుకు 120 నుంచి 150 గ్రాముల మధ్య బరువున్నది, పాప్లిన్ లాంటిది, మన ఎండకు సరిపోతుంది. పాలిస్టర్ చెడ్డదని నేను అనను. కిరణాలను ఆపడంలో అది కాటన్ కంటే మెరుగే, త్వరగా ఆరుతుంది కూడా. ఆటగాళ్ళ జెర్సీల్లా సన్నటి రంధ్రాలతో అల్లిన మంచి పాలిస్టర్ బాగుంటుంది, కానీ టెండర్‌లో అన్నిటికంటే తక్కువ కోట్ చేసినవాడు తెచ్చేది ఆ రకం కాదు, నేను పైన చెప్పిన గరగర రకం. మనకు అందే ధరలో నమ్మదగ్గది కాటన్, లేదంటే కాటన్ ఎక్కువగా కలిసిన టెరికాట్. రంగు మరీ తెలుపు వద్దు, మరీ నలుపూ వద్దు. ముదురు రంగు కిరణాలను ఎక్కువ ఆపుతుంది గానీ వేడిని పట్టుకుంటుంది. మధ్యరకం నీలం, ఖాకీ, లేత ఆకుపచ్చ బాగుంటాయి.

కొత్త కాటన్‌ను కుట్టే ముందు తడిపి ఆరేయించండి. గంజి పోతుంది, గుడ్డ ముడుచుకుని నేత ఇంకా దగ్గర పడుతుంది, ఎండ ఇంకాస్త ఆగుతుంది. తడపకుండా కుట్టేస్తే మొదటి ఉతుకుకే అంగీ బిగుతైపోతుంది. బిగుతుగా సాగిన గుడ్డలో పోగులు దూరమై కిరణాలు దాటతాయి. రోడ్డు పక్క అమ్మే బిగుతు చేతి తొడుగులు కొని పంచే ఆలోచన ఉంటే మానుకోండి. సాగదీసి తొడిగితే వాటి నేత విచ్చుకుంటుంది, వేలితో నొక్కి చూస్తే కింది తోలు కనిపిస్తుంది.

ఇక కుట్టు. ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఫుల్ చేతులు ఉండాలి, మణికట్టు దగ్గర గుండీ ఉండాలి, కావాలంటే మడుచుకోవడానికి మోచేతి దగ్గర చిన్న పట్టీ పెట్టవచ్చు. కాలర్ నిలబెట్టుకునేలా ఉంటే మెడ వెనుక కప్పుతుంది. భుజాల మీద రెండు పొరలు వేయాలి. టైలర్లు యోక్ అంటారు, మీటరు గుడ్డలో ఎక్కువ ఖర్చు కాదు, సూర్యుడు నెత్తిన ఉండే వేళ అసలు పని చేసేది అదే. ఆ యోక్ కింది అంచును వీపు దగ్గర కుట్టకుండా వదిలేసి, దాని కింద జాలీ గుడ్డ పెడితే వీపు లోపలికి గాలి ఆడుతుంది, బయటికి కనిపించదు. చంకల కింద కూడా అట్లాగే. పొడవు మోకాలి పైదాకా ఉండి పక్కల చీలికలుంటే చీర మీద సరిగ్గా కూర్చుంటుంది. ఆడవాళ్ళకు మగవాళ్ళ కొలతల కోటు ఇవ్వడం ఇకనైనా మానాలి. వాళ్ళు వంగి ఊడుస్తారు, వంగినప్పుడు నడుము వెనుక చీరకూ జాకెట్టుకూ మధ్య ఒంటిని ఎండ కాలుస్తుంది. అక్కడ కప్పే పొడవు కావాలి. సెల్‌ఫోన్‌కూ డబ్బులకూ పట్టే జేబు ఒకటి లోపల ఉండాలని అడగని ఆడకూలీని నేను చూడలేదు.

తెల్లవారుజామున చీకట్లో రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు బండ్లకు కనబడాలి, అందులో రాజీ లేదు. కానీ దానికోసం పైన ఇంకో కోటు ఎందుకు? రేడియం పట్టీలను అంగీ మీదే, ఛాతీ చుట్టూ ఒకటి, చేతుల మీద ఒక్కొక్కటి కుట్టేస్తే పొర ఒక్కటే అవుతుంది. పేరు, ముద్ర చిన్నగా జేబు మీద దారంతో కుట్టించండి. వీపు మీద ప్లాస్టిక్ ప్రింటు వేస్తే ఆ మేర చెమట ఆరదు.

తలకు క్రికెట్ టోపీ చాలదు. ముందు మాత్రమే నీడ ఇస్తుంది, చెవులు, మెడ మాడిపోతాయి. చుట్టూ కనీసం మూడంగుళాల అంచు ఉన్న గుడ్డ టోపీ కావాలి, గాలికి ఎగరకుండా గడ్డం కింద తాడు కావాలి. హెల్మెట్ తప్పనిసరైన పనుల్లో హెల్మెట్ వెనుక మెడ మీదికి జారే గుడ్డ కట్టుకునే ఏర్పాటు ఉండాలి. టోపీ వద్దు, తువ్వాలే కావాలి అనేవాళ్ళకు మంచి కాటన్ తువ్వాల ఇవ్వండి. తడిపి కట్టుకోవచ్చు, నోటికి అడ్డం పెట్టుకోవచ్చు, చెట్టు కింద పరుచుకోవచ్చు.

ఈ గుడ్డ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు కూడా. పత్తి మన చేలల్లోనే పండుతుంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు నడిచిన ఊరు మనది. సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి, వాటి మీద నేసిన చీరలు బతుకమ్మ పండుగకు రాష్ట్రమంతా పంచారు, బడి పిల్లల యూనిఫాం గుడ్డా అక్కడ నేశారు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకు వరంగల్ దర్రీల పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇన్ని చేతులున్న చోట, మన కార్మికుడి ఒంటికి సరిపడే కాటన్ అంగీ గుడ్డ నేయమని ఒక ఆర్డరు ఇవ్వలేమా? నేసినవాళ్ళకూ పని, కుట్టేవాళ్ళకూ పని.

ఎంపిక చేసే పద్ధతి మార్చమని అడుగుతున్నాను. శాంపిల్‌ను ఏసీ గదిలో చూడకండి. కాంట్రాక్టరును శాంపిల్ అంగీలతో మార్చి నెలాఖరులో మధ్యాహ్నం పన్నెండింటికి ఆఫీసు ముందుకు రమ్మనండి. గుడ్డను సూర్యుడికి ఎదురుగా పట్టి చూడండి, వెనుక మీ వేళ్ళు విడివిడిగా కనిపిస్తే అది పల్చన. నోటితో ఊదండి, గాలి దాటకపోతే వద్దు. నీటి చుక్క వేయండి, రెండు మూడు క్షణాల్లో ఇంకి వెడల్పయితే అది చెమటను పీల్చి ఆరబెడుతుంది. ఆ తర్వాత ముగ్గురు నలుగురు కార్మికులకు, అందులో సగం మంది ఆడవాళ్ళకు, ఆ అంగీలు ఇచ్చి వారం రోజులు పనికి వేసుకుని వెళ్ళమనండి. వారం తర్వాత వాళ్ళను సూపర్‌వైజర్ లేని గదిలో కూర్చోబెట్టి అడగండి. పెద్ద ఆర్డరైతే కేంద్ర జౌళి శాఖ కింద టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలలున్నాయి, గుడ్డ బరువు, నేత, గాలి దాటడం అక్కడ కొలిపించి ఆ అంకెలనే టెండర్‌లో రాయండి. అప్పుడు తక్కువ ధరకు ఇచ్చేవాడు కూడా ఆ గుడ్డే తేవాలి.

ఇదంతా ఎండలు ముదిరాక చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చాలాసార్లు నాకు గుడ్డ ఏప్రిల్లో చేరుతుంది, కుట్టి ఇచ్చేసరికి రోహిణి కార్తె వచ్చేస్తుంది. మార్చిలో చూసి ఎంచిన గుడ్డను ఆ పైఏడాదికి నేయించి, డిసెంబర్‌లో కుట్టుకు ఇచ్చి, శివరాత్రికి పంచాలి. మనిషికి ఒకటి ఇస్తే చాలదు. చెమటతో తడిసిన అంగీ రాత్రి ఉతికితే పొద్దున్నకు ఆరాలి కదా, ఒక్కటే ఉంటే ఉతకకుండానే తొడుక్కుంటారు. కనీసం రెండు, వీలైతే మూడు.

ఖర్చు గురించి అంటారేమో. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల రూపాయలు ఇస్తామంది. మంచి నిర్ణయం. మనిషి పోయాక నాలుగు లక్షలు ఇవ్వడానికి ఒప్పుకున్నాం కాబట్టి, మనిషి ఉండగా మూడు అంగీలకు లెక్క చూసుకోవద్దని వేడుకుంటున్నాను.

బట్ట ఒక్కటీ వడదెబ్బను ఆపదని నాకు తెలుసు. పదకొండింటికి పని ఆపడం, నీళ్ళు, నీడ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అన్నిటికంటే ముందు. ఆడవాళ్ళకు పనిచోట బాత్రూం లేక పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉంటున్నారు, అది వేరే ఉత్తరంలో రాయాల్సిన విషయం. కానీ ఆ పనులకు ఎన్నో ఆఫీసులు కలవాలి. అంగీ మాత్రం ఒక్క సంతకంతో మారుతుంది.

పైన చెప్పిన కొలతలతో, భుజాల మీద రెండు పొరలతో, వీపు దగ్గర జాలీతో రెండు నమూనా అంగీలు కుట్టి పెట్టాను. ఒకటి ఆడవాళ్ళది, ఒకటి మగవాళ్ళది. ఏ ఆఫీసు అడిగినా కొలతల కాగితం, గుడ్డ ముక్క, అంగీ తెచ్చి చూపిస్తాను, దానికి డబ్బు ఏమీ తీసుకోను. మీరు దాన్ని మార్చుకోవచ్చు, ఇంకొకరితో కుట్టించుకోవచ్చు. వచ్చే మార్చిలో ఎండలో నిలబడి చూసే రోజు ఏదో ముందుగా చెబితే, ఆ రోజు షాపు మూసేసి వస్తాను.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఒక మహిళ,
హనుమకొండ